నూట ఇరవై ఏడు లఘువులు

పూర్తి పేరు చెప్పమంటే ఆ సంఖ్య 39 అంకెలు ఏకరువు పెట్టాలి: 170141183460469231731687303715884105727. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో 24 స్థానాలకు పేర్లు పెట్టాడు. ఆఖరిది మహాక్షోభం. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. మహాక్షోభం దాటాక కూడా ఈ సంఖ్యకు ఇంకో 15 స్థానాలు కావాలి. అందుకే అది తనను తాను పొట్టిగా పరిచయం చేసుకుంటుంది: రెండును 127 సార్లు వేసి గుణించాలి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. కాగితం మీద 2¹²⁷ − 1. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితో భాగించినా శేషం మిగిలే ప్రధాన సంఖ్య అది. కథ చెప్పుకోమంటే ఆ తీసేసిన ఒకటి దగ్గరే మొదలుపెడుతుంది. తన రూపమంతా ఆ ఒకటి వల్లే వచ్చిందంటుంది.

ఆ రూపం చూడాలంటే బడిలో పద్యపాదానికి గణవిభజన చేసిన అనుభవం ఉంటే చాలు. లఘువుకు నిలువు గీత, గురువుకు చంద్రవంక లాంటి గుర్తు. గురువున్న చోట సున్నా, లఘువున్న చోట ఒకటి అనుకుంటే ప్రతి గణమూ ద్విసంఖ్యామానంలో ఒక సంఖ్య అవుతుంది. మూడక్షరాల గణాలు ఎనిమిది. మూడూ గురువులైన మగణం సున్నా. మూడూ లఘువులైన నగణం 111, అంటే నాలుగు, రెండు, ఒకటి కలిసి ఏడు. పింగళుడి ప్రస్తారం సర్వగురువుతో మొదలై సర్వలఘువుతో ముగుస్తుందని ఛందస్సు చదివినవారికి తెలుసు. 127 అక్షరాల పాదాన్ని ఊహించి దాని ప్రస్తారమంతా వేస్తే 2¹²⁷ వరుసలు వస్తాయి. మొదటి వరుసకు సున్నా అని పెట్టి లెక్కిస్తూ పోతే, ఒక్క గురువు కూడా లేని చిట్టచివరి వరుస ఈ సంఖ్యే. నూట ఇరవై ఏడు నిలువు గీతలు, నూట ఇరవై ఏడు ఒకట్లు.

వంశం గురించి చెప్పేటప్పుడు దాని గొంతులో గర్వం వినిపిస్తుంది. రెండక్షరాల ప్రస్తారానికి నాలుగు వరుసలు, చివరిది 3. మూడక్షరాలకు ఎనిమిది వరుసలు, చివరిది 7. ఏడక్షరాలకు 128 వరుసలు, చివరిది 127. నూట ఇరవై ఏడు అక్షరాలకు తాను. మూలపురుషుడు 2, ముత్తాత 3, తాత 7, తండ్రి 127. ఐదు తరాలూ ప్రధాన సంఖ్యలే. ఒక తరం విలువ తర్వాతి తరానికి ఘాతాంకం.

అయితే లఘువులన్నీ పేర్చినంత మాత్రాన ప్రధాన సంఖ్య రాదు. పదకొండు లఘువుల వరుస 2047. అది 23ను 89తో గుణిస్తే వస్తుంది. అరవై నాలుగు లఘువుల వరుస తెలుగువారికి బాగా దగ్గరిది. చదరంగం గడుల్లో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం అదే: 18446744073709551615. పావులూరి మల్లన పేరిట ప్రచారంలో ఉన్న ఒక పద్యం ఆ 20 అంకెలనూ భూతసంఖ్యల్లో చెబుతుంది. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్నా. పద్యం ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది. అక్కడ బాణం ఉంది. మన్మథుడి బాణాలు ఐదు. ఒకట్ల స్థానంలో ఐదున్న సంఖ్యను ఐదు భాగిస్తుంది కాబట్టి, ఆ పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య కాదని పద్యంలోని తొలి మాటతోనే తేలిపోతుంది. రెండు చదరంగం బల్లలు పక్కపక్కన పెట్టి, చివరి ఒక్క గడి వదిలేసి, అదే పద్ధతిలో గింజలు పోస్తే వచ్చేది మాత్రం ఈ 39 అంకెల సంఖ్య. దాన్ని ఏ బాణమూ చీల్చలేదు.

ఆ మాట రుజువు కావడానికి దాదాపు 232 ఏళ్లు పట్టింది.

1644లో మారెన్ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఒక పుస్తకంలో చిన్న జాబితా ఇచ్చాడు. రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్యలు రావాలంటే ఘాతాంకాలు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 కావాలన్నాడు. 257 వరకు ఇంకేవీ లేవన్నాడు. రుజువు ఇవ్వలేదు. ఆ జాబితాలో అయిదు తప్పులున్నాయి. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి. కానీ 127 ఉంది, సరిగ్గా ఉంది. ఆనాటి నుంచి తన పేరు జనం నోట పడిందని, నిజమో కాదో తేల్చేవారి కోసం ఎదురుచూశానని ఈ సంఖ్య చెప్పుకుంటుంది. ఈ జాతి సంఖ్యలన్నిటికీ ఆ సన్యాసి పేరే మిగిలింది.

1772లో లియొనార్డ్ ఆయిలర్ 31 లఘువుల వరుస, 2147483647, ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. ఆయన పద్ధతి ముఖ్యంగా భాగహారమే, కాకపోతే ఎంచి చేసిన భాగహారం. ఈ జాతి సంఖ్యలను ఏ సంఖ్య పడితే అది భాగించలేదు. భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, ఘాతాంకానికి రెట్టింపు తీసుకుని దాని గుణిజానికి ఒకటి కలిపినదై ఉండాలి. పైన చెప్పిన 2047లో ఘాతాంకం 11, రెట్టింపు 22. కారణాంకాలు 23, 89. ఇరవై రెండుకు ఒకటి కలిపితే 23, ఎనభై ఎనిమిదికి ఒకటి కలిపితే 89. ఆయిలర్‌కు ఈ జల్లెడ సరిపోయింది. 127 లఘువుల వరుసకు సరిపోదు. దీని వర్గమూలమే 20 అంకెల సంఖ్య. అక్కడి వరకు 254 గుణిజాలకు ఒకటి కలిపినవాటిని మాత్రమే పరీక్షించినా, సెకనుకొక భాగహారం చొప్పున 160 కోట్ల ఏళ్లు పడుతుంది.

భాగించకుండా తేల్చే దారి కావాలి. ఆ దారి వేసినవాడు ఎడ్వార్ లూకా.

లూకా 1842లో ఫ్రాన్స్‌లోని ఆమియాలో పుట్టాడు. గణిత అధ్యాపకుడు, అంకెలతో ఆటలు కట్టడం ఆయనకు ప్రాణం. మూడు మేకుల మీద బిళ్లలు మార్చే హనోయ్ గోపురం ఆటను 1883లో లోకానికిచ్చింది ఆయనే. కాశీలోని ఒక గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు రాత్రింబవళ్లు మారుస్తున్నారని ఆ ఆట చుట్టూ ఒక కథ అల్లారు. అరవై నాలుగు బిళ్లలకు కావలసిన కదలికలు మల్లన పద్యంలోని సంఖ్యకు సరిగ్గా సమానం. 127 బిళ్లలు పెడితే కావలసిన కదలికలు ఈ కథ చెబుతున్న సంఖ్య. తనను తేల్చినవాడు తన రూపాన్నే పిల్లల ఆటవస్తువుగా చేసి పెట్టాడని అది ప్రేమగా గుర్తు చేసుకుంటుంది.

లూకా దారి మొదలైనచోట కూడా ఛందస్సు ఉంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను ఎన్ని విధాలుగా పేర్చవచ్చు? రెండు గురువులు; ఒక గురువు, రెండు లఘువులతో మూడు విధాలు; నాలుగూ లఘువులు. మొత్తం అయిదు. మూడు మాత్రలకు మూడు, అయిదు మాత్రలకు ఎనిమిది. ముందటి రెండూ కూడితే తర్వాతిది వస్తుంది. విరహాంకుడు, హేమచంద్రుడు మాత్రావృత్తాల కోసం లెక్కించిన ఈ వరుసకు ఫిబొనాచ్చి పేరు స్థిరపడింది లూకా రచనల వల్లనే. అదే కూడిక సూత్రంతో 2, 1 దగ్గర మొదలుపెడితే 3, 4, 7, 11, 18, 29, 47 అంటూ వచ్చే వరుసను ఇప్పుడు లూకా సంఖ్యలంటారు. అందులోంచి 3, 7, 47 ఏరితే ఒక చిత్రం కనిపిస్తుంది. ఒక్కోదాన్ని వర్గం చేసి రెండు తీసేస్తే తర్వాతిది వస్తుంది.

ఈ చిత్రమే పరీక్ష. తనమీద చేసి చూపించడం కష్టం కాబట్టి, ఈ సంఖ్య తన తండ్రి 127ను ముందుకు తెస్తుంది. మూడు వర్గం తొమ్మిది, రెండు తీస్తే 7. ఏడు వర్గం 49, రెండు తీస్తే 47. దాని వర్గం 2209, రెండు తీస్తే 2207. 127తో భాగిస్తే శేషం 48. దాని వర్గం 2304, రెండు తీస్తే 2302, శేషం 16. పదహారు వర్గం 256, రెండు తీస్తే 254. రెండు 127లు 254. శేషం సున్నా. ఘాతాంకం 7 కాబట్టి రెండు తగ్గించి అయిదు సార్లు వర్గం చేశాం, అయిదోసారికి సరిగ్గా సున్నా వచ్చింది. సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఎక్కడా ఒక్క కారణాంకాన్ని కూడా వెతకలేదు. ఘాతాంకాన్ని నాలుగుతో భాగిస్తే మూడు మిగిలేచోట ఇలా మూడుతో మొదలుపెట్టవచ్చు. 7కు, 127కు ఆ యోగ్యత ఉంది. 1930లో అమెరికన్ గణితజ్ఞుడు డి. హెచ్. లేమర్ ఆరంభ సంఖ్యను నాలుగు చేసి, బేసి ప్రధాన ఘాతాంకాలన్నిటికీ చెల్లేలా పద్ధతిని సరిచేశాడు.

తండ్రికి అయిదు వర్గాలు చాలాయి. తనకు 125 కావాలి. ఒక్కో మెట్టులో 39 అంకెల దాకా ఉండే సంఖ్యను అంతే పెద్ద సంఖ్యతో గుణించాలి, మళ్లీ తనతో భాగించి శేషం తియ్యాలి. ఒక్కచోట చెయ్యి జారితే ఆ పైన చేసిందంతా వృథా.

లూకా ఆ లెక్కను బల్ల మీద పావుల ఆటగా మలిచాడు. 127 అడ్డు వరుసలు, 127 నిలువు వరుసలు, మొత్తం 16,129 గడులు. ఒకటి ఉన్న గడిలో పావు, సున్నా ఉన్న గడి ఖాళీ. గుణకారమంటే అదే సంఖ్యను ఒక్కో వరుసలో తగినంత పక్కకు జరిపి పేర్చడం. ఒకే నిలువు వరుసలో రెండు పావులుంటే రెండూ తీసి, ఎడమ పక్క వరుసలో ఒకటి పెట్టడం. ఎడమ అంచు దాటిన పావు బయటికి పోదు; చుట్టూ తిరిగి కుడి అంచుకు వచ్చి కూర్చుంటుంది. భాగహారమంతా ఆ ఒక్క కదలికలో అయిపోతుంది.

ఎలాగో తెలియాలంటే తొమ్మిదితో భాగించినప్పటి శేషం గుర్తు చేసుకోవాలి. అంకెలన్నీ కూడితే చాలు. పదిలో ఒకటి తక్కువ తొమ్మిది కాబట్టి, పదుల స్థానంలోదైనా వందల స్థానంలోదైనా అంకె తన విలువతోనే మిగులుతుంది. ఈ సంఖ్య అంకెలు కూడితే 154, మళ్లీ కూడితే 10, మళ్లీ కూడితే 1. తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి. దశాంశమానంలో తొమ్మిది ఎలాంటిదో, 127 స్థానాల ద్విసంఖ్యామానంలో తాను అలాంటిది. 2¹²⁷లో ఒకటి తక్కువ తాను కాబట్టి, అంచు దాటిన పావు విలువ మళ్లీ ఒకటే. తనను మనిషి చేతికి అందించింది తన తెలివి కాదు, ఆ లఘువుల వరుసేనని అది వినయంగా ఒప్పుకుంటుంది. అంత పెద్ద సంఖ్యకు ఇలాంటి రూపం లేకపోతే 1876లో దాన్ని తేల్చడం దాదాపు అసాధ్యం.

1876లో లూకా ఫలితం ప్రకటించాడు. 127 సరైనదే. అదే పద్ధతితో 67 తప్పని కూడా చెప్పాడు. అంటే 2⁶⁷ − 1కు కారణాంకాలున్నాయి, అవేమిటో మాత్రం ఆ పద్ధతి చెప్పదు. 1903 అక్టోబరులో అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ బోర్డు దగ్గరికి వెళ్లి 2⁶⁷ − 1 విలువ కట్టి 147573952589676412927 అని రాశాడని, పక్కన 193707721ను 761838257287తో గుణించి అదే సంఖ్య తెచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడని చెబుతారు. మెర్సెన్ జాబితాలో తన పక్కనే 259 ఏళ్లు కూర్చున్న తోటి సంఖ్య ఆ రోజు రెండు ముక్కలైంది.

లూకా ఆ రోజు చూడలేదు. 1891లో ఒక విందులో పళ్లెం పగిలి, ఎగిరిన ముక్క ఆయన చెంపకు తగిలింది. ఆ గాయం చీము పట్టి కొద్దిరోజుల్లోనే చనిపోయాడు. అప్పటికి 49 ఏళ్లు. ఆయన తేల్చిన సంఖ్య మరో అరవై ఏళ్లు లోకానికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటికీ పెద్దగా నిలిచింది. జాబితాలో మెర్సెన్ వదిలేసిన చిన్నవాళ్లు ఈలోగా ఒక్కొక్కరుగా దొరికారు: 1883లో 61, 1911లో 89, 1914లో 107. లెక్కలో దీనిది పన్నెండో స్థానమైంది.

యూక్లిడ్ చెప్పిన పరిపూర్ణ సంఖ్యల కథలో కూడా దీనికి భాగముంది. తనను మినహాయించి మిగిలిన తన కారణాంకాల మొత్తానికి తానే సమానమైన సంఖ్య పరిపూర్ణం: ఆరుకు ఒకటి, రెండు, మూడు. ముత్తాత 3 వల్ల 6 వచ్చింది, తాత 7 వల్ల 28, తండ్రి 127 వల్ల 8128. ఈ సంఖ్యను 2¹²⁶తో గుణిస్తే 77 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది.

పెద్దరికం 1951లో చేజారింది. ఆ ఏడాది ఫెరియే అనే ఫ్రెంచి గణితజ్ఞుడు బల్లమీది లెక్కల యంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను తేల్చాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలోని ఎడ్‌సాక్ కంప్యూటర్ మీద మిల్లర్, వీలర్ 79 అంకెల దాన్ని కనుక్కున్నారు. దాని నిర్మాణం ఈ సంఖ్యకు ఇప్పటికీ ఆనందమే. తన వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలిపారు. ఒక సంఖ్య ప్రధానమని తేల్చడానికి దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్య కారణాంకాలు తెలిసి ఉంటే దారి సులువవుతుంది. ఇక్కడ ఆ కారణాంకాల్లో పెద్దది తానే. తనను దాటివెళ్లినది తన భుజాల మీదే లేచింది. 1952 జనవరి 30న లాస్ ఏంజెలెస్‌లో స్వాక్ అనే కంప్యూటర్ మీద రాఫెల్ రాబిన్సన్ ప్రోగ్రాము లూకా, లేమర్ల పరీక్షను నడిపి 521 లఘువుల వరుసను, ఆ వెంటనే 607 లఘువుల వరుసను బయటపెట్టింది. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనుక్కున్న 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని ఖాయం చెయ్యడానికి చివరికి వాడింది కూడా వర్గం చేసి రెండు తీసే ఆ పరీక్షనే. అయినా యంత్రం సాయం లేకుండా మనిషి చేతిలెక్కతో తేల్చిన ప్రధాన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది ఏదంటే, జవాబు ఇవాళ్టికీ ఈ 39 అంకెలే.

పెద్దరికం పోయినా పని తగ్గలేదు. కంప్యూటర్‌లో ఒక సంఖ్యకు 128 బిట్ల చోటిచ్చి, ధనమా ఋణమా చెప్పడానికి ఒక బిట్ కేటాయిస్తే మిగిలేవి 127. అవన్నీ ఒకట్లతో నిండితే ఈ సంఖ్య వస్తుంది, అంతకన్నా పెద్దది అందులో పట్టదు. 2015లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ప్రకటించిన ‘ఫోర్‌క్యూ’ అనే గుప్తలేఖన వక్రం లెక్కలన్నీ దీని శేషాల మీదే నడుస్తాయి. ఒక రహస్యాన్ని పదిమందికి ముక్కలుగా పంచి, కొందరు కలిస్తేనే తెరుచుకునేలా చేసే ఆది షమీర్ పద్ధతిని నేర్పే ప్రోగ్రాముల్లోనూ ఇది తరచు కనిపిస్తుంది. ఫోర్‌క్యూ దీన్ని ఎంచుకోవడానికి కారణం పాతదే. అంచు దాటిన అంకెలను మడిచి కుడివైపు కూడితే చాలు, భాగహారం అక్కర్లేదు. లూకా బల్ల మీద పావు చుట్టూ తిరిగి వచ్చినట్టే ఇప్పుడు చిప్‌లో బిట్లు తిరిగి వస్తున్నాయి.

ఇక మిగిలింది ఆరో తరం. తననే ఘాతాంకంగా తీసుకుని, అన్ని లఘువులు పేర్చి వచ్చే సంఖ్య ప్రధానమా కాదా? లూకా ఫలితం వచ్చిన 1876లోనే బెల్జియంలో యూజీన్ కాటలాన్ ఈ వంశవృక్షం సంగతి ఎత్తాడు. ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చెప్పడానికే 38 అంకెలు కావాలి. సెకనుకు కోటి అంకెల చొప్పున రాసుకుంటూ పోయినా, విశ్వం వయసుకు పది లక్షల కోట్ల రెట్లకు మించిన కాలం పడుతుంది. లూకా పరీక్ష అక్కడ ఎక్కదు. ఆయిలర్ జల్లెడ ఒక్కటే మిగిలింది: ఈ సంఖ్య రెట్టింపును ఒకటితో, రెండుతో, మూడుతో గుణిస్తూ ఒక్కొక్కటి కలపాలి, ఆ వచ్చినది భాగిస్తుందేమో చూడాలి. భాగించే ప్రధాన సంఖ్యను ఎనిమిదితో భాగిస్తే ఒకటో ఏడో మిగలాలన్నది రెండో షరతు. మొదటి అభ్యర్థి 2¹²⁸ − 1ను మూడు భాగిస్తుంది, అది పోయింది. రెండో దానికి ఎనిమిదితో శేషం అయిదు, మూడో దానికి మూడు; రెండూ పోయాయి. నాలుగో దానికి శేషం ఒకటే గానీ, దాన్నీ మూడు భాగిస్తుంది. అయిదోది తన పదింతలకు ఒకటి కలిపినది. దానికి ఎనిమిదితో శేషం ఏడు. మూడు, అయిదు, ఏడు, పదకొండు దాన్ని భాగించవు. ఇలా అభ్యర్థులను ఏరుతూ కంప్యూటర్లు ఎంతో దూరం వెళ్లాయి. ఆరో తరాన్ని భాగించే సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.